తొక్కు, చట్నీ, పెస్తో

మన ప్రాంతములో పచ్చడిని తొక్కు అంటారు. తొక్కుట అనగా కాలితో అణచుట అని ఒక అర్థము, రోటిలో వేసి నలుగగొట్టుట అని మరియొక అర్థము. ఈ రెండర్థములు ఒకే క్రియకు ఉండుట మన భాషకు మాత్రమే చెల్లిన విశేషము కాదు. ఇటలీ దేశపు వాయవ్య తీరమున జెనోవా అను రేవు పట్టణము కలదు. అక్కడివారు పచ్చి ఆకును రాతి రోటిలో నూరి చేసుకొనే పదార్థమును పెస్తో అంటారు. ఆ పేరు పెస్తారె అను క్రియ నుండి వచ్చినది. ఆ క్రియకు దంచుట, తొక్కుట అనియే అర్థము. అనగా జెనోవా వాసి పెస్తో అన్నా, తిరుమలగిరి వాసి తొక్కు అన్నా చెప్పునది ఒకే పనిని గురించి. ఉర్దూలోని చట్నీ మాత్రము వేరొక దారి పట్టినది. అది చాట్‌నా, అనగా నాకుట అను క్రియ నుండి పుట్టినది. రెండు భాషలు రాతిని తలచుకొని పేరు పెట్టగా, మూడవది నాలుకను తలచుకొని పెట్టినది.

హైదరాబాదులోని పెద్ద దుకాణములలో ఇప్పుడు పెస్తో చిన్న గాజు సీసాలలో దొరకుచున్నది. దానిని కొనుటకు ముందు అది యేమిటో, మన పెరటిలో దానికి సాటిరాగల ఆకు యేదో తెలిసికొనుట మంచిది. ఈ వ్యాసోద్దేశము అంతమాత్రమే.

జెనోవా పెస్తోలో పడునవి ఏడు: బేసిల్ ఆకు, వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, పైన్ గింజలు, రెండు రకముల గట్టి చీజ్, ఆలివ్ నూనె. పైన్ గింజలనగా మనము చిల్గోజా అని పిలుచు గింజలకు దాయాదులు. నేడు వాడుకలో ఉన్న విధమునకు దగ్గరగా ఈ వంటకము అచ్చులో కనిపించునది 1863లో రత్తో అను రచయిత జెనోవా వంటలపై వెలువరించిన గ్రంథములో. కాని ఆకును, వెల్లుల్లిని, చీజ్‌ను కలిపి నూరుట అంతకంటె చాల పాతది. మొరేతుమ్ అను ప్రాచీన లాటిన్ కావ్యములో ఒక పేద రైతు తెల్లవారుజామున లేచి, తన పెరటిలోని వెల్లుల్లిని, కొత్తిమీరను, మరికొన్ని ఆకులను కోసి తెచ్చి, చీజ్‌తో కలిపి నూరుకొని రొట్టెతో తినుట వర్ణింపబడినది. అందులోని కొత్తిమీర మన పాఠకులకు చుట్టము వలె కనిపించక మానదు. ప్రసంగవశమున ఒక మాట. అసలైన పర్మిజానో చీజ్‌ను దూడ జీర్ణాశయము నుండి తీసిన ద్రవముతో పాలను విరిచి తయారుచేస్తారు. కనుక శాకాహారులు, హలాల్ పాటించువారు ఉభయులూ సీసాపై చీటీని చదువుట అవసరము.

ఇక బేసిల్ సంగతి. ఈ మొక్క మనకు కొత్తది కానేకాదు. ఫాలూదాలోను, వేసవి షర్బత్తులలోను నానవేసి వాడే సబ్జా గింజలు దీని గింజలే. తెలుగులో దీనిని భూతులసి, రుద్రజడ అంటారు. అరబ్బీలో రైహాన్. ఇది ఉష్ణదేశముల నుండి వెళ్లి మధ్యధరా తీరమున స్థిరపడిన మొక్క. మరొకవైపు మన తొక్కులో తప్పనిసరి యనుకొనే మిరపకాయ, పల్లీ రెండును అమెరికా ఖండము నుండి పోర్చుగీసుల కాలములోను ఆ తరువాతను వచ్చినవి. కావున ఇది మా ప్రాచీన వంటకము అని ఎవరైనను గట్టిగా వాదించునప్పుడు కొంచెము నెమ్మదిగా వినవలెను.

రోటిలో జరుగు పనిని శాస్త్రదృష్టితో చూచిన చాల ఆసక్తికరముగా ఉంటుంది. ఆకులోని పరిమళ తైలములు సన్నని కణములలోను, గ్రంథులలోను బంధింపబడి ఉంటాయి. రోకలి దెబ్బకు ఆ గోడలు పగిలి తైలము వెలికి వస్తుంది. రాళ్ల ఉప్పు ఇసుక వలె గరుకుగా ఉండి ఆకును చీల్చుటకు తోడ్పడుతుంది. అందుచేతనే మన పెద్దలు ముందుగా ఉప్పు, మిరపకాయ, జీలకర్ర వేసి నూరి, పిదప పల్లీలు, ఆ పిదప ఆకు వేస్తారు. జెనోవా వారు కూడా ఉప్పు, వెల్లుల్లితోనే మొదలుపెడతారు. పరిమళ తైలములు నీటిలో కంటె నూనెలో బాగుగా కరుగును గనుక నూనె ఆ వాసనను పట్టి నిలుపుతుంది. మిక్సీ బ్లేడు ఆకును నలుపదు, కోస్తుంది. అంతేగాక దాని వేగమునకు వేడి పుట్టి, గాలి లోనికి చొచ్చి, ఆకులోని ఎంజైములు త్వరగా పనిచేసి రంగును నల్లబరుస్తాయి. మిక్సీ తప్పనిచో ఆకును, నూనెను ముందుగా చల్లబరచి, ఆపి ఆపి తిప్పవలెను. సిల్ బట్టా అయినను, సన్నెకల్లు అయినను ఇంటిలో ఉన్నవారు అదృష్టవంతులు.

పెస్తోకును మన తొక్కుకును గల ముఖ్య భేదము నిప్పు. వారు ఆకును పచ్చిగానే నూరుతారు. మనము పుంటికూరను నూనెలో మగ్గించిన తరువాతనే రోటిలో వేస్తాము. ఇందుకు కారణము లేకపోలేదు. పచ్చి పుంటికూర జిగురుగా ఉండును, పులుపు నాలుకను కొరుకును. మగ్గించినచో ఆ జిగురు తగ్గి, పులుపు నెమ్మదించును. అయితే రంగు మాత్రము పోతుంది. ఆకులోని ఆమ్లము వేడికి పత్రహరితములోని మెగ్నీషియమును వెళ్లగొట్టుటయే దీనికి హేతువు. పుంటికూర ఆలివ్ వర్ణమునకు తిరుగుట వంట చెడుటకు గుర్తు కాదు, అది ఆ ఆకు స్వభావము. మునగాకును ఒకమారు ఉడుకు నీటిలో ముంచి తీసిన గాని పసరు వాసన పోదు. తోటకూరను, పాలకూరను ఉడికించి నీటిని వార్చినచో వాటిలోని ఆక్సలేటులు కొంత తగ్గుతాయి. పుదీనా, కొత్తిమీర, సబ్జా ఆకు, లేత గంగవాయిలి, ఈ నాలుగు మాత్రమే పచ్చిగా నూరుటకు నిస్సంకోచముగా పనికివస్తాయని నా అభిప్రాయము.

గంగవాయిలి పేరు వచ్చినది గనుక కొంతసేపు ఇక్కడ ఆగవలెను. నేలబారుగా పాకే ఈ చిన్న మొక్కను మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడువారు ఖుల్ఫా అంటారు. పప్పులో వేసినా, మాంసముతో వండినా దాని పులుపు సున్నితముగా ఉంటుంది. గుండెకు మేలుచేయు ఒమేగా-3 జాతి కొవ్వు ఆకుకూరలలో ఇంత ఎక్కువగా ఉండుట అరుదని పోషకాహార శాస్త్రజ్ఞులు గుర్తించినారు. టర్కీలో పెరుగుతో, మెక్సికోలో మాంసముతో దీనిని ఇష్టముగా తింటారు. ఇట్లే పుంటికూర కోస్తా వారికి గోంగూర, దక్కనీ ఉర్దూలో అంబాడా. చుక్కకూర చూకా, కొత్తిమీర కోత్‌మీర్. ఉగాది దాటిన పిదప చింతచెట్లకు వచ్చే లేత చిగురును కోసి అరచేతుల నడుమ నలిపి, ఈనెలు ఏరివేసి, ఒక ఇంట పప్పులో వేస్తే ప్రక్క ఇంట చిగుర్ గోష్త్ వండుతారు. వీధి ఒకటి, చెట్టు ఒకటి, పేర్లు మాత్రము రెండు.

ఈ పేర్లు వాడుక నుండి జారిపోవుచున్నవి. గునుగు పూలను బతుకమ్మలో పేర్చుట అందరికీ తెలుసు, దాని లేత ఆకు కూరకు పనికివచ్చునని తెలిసినవారు తగ్గినారు. పొన్నగంటి, తుమ్మి, దొగ్గలి వంటివి విత్తనము వేయకుండనే చేలలో వచ్చెడి ఆకులు. కలుపు తీయబోయిన స్త్రీలు సాయంకాలము వీటిని కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చెడివారు. ఆ పూటకు కూర అదే. నేడు పత్తి చేలలోను, వరి మడులలోను కలుపు తీయు చేతుల స్థానమున కలుపు మందులు వచ్చినవి. గ్లైఫోసేట్ అను మందు అమ్మకముపై 2018లో తెలంగాణ ప్రభుత్వము ఆంక్షలు విధించినది. మందు పడిన గట్టుపై ఆకు కోయరాదు. కోయని ఆకు పేరు రెండవ తరమునకు తెలియదు. కలుపు అన్న ఒక్క మాటలో ఇరవై కూరలు కలిసిపోయినవి. జహీరాబాదు ప్రాంతములో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామీణ మహిళలు సాగుచేయని ఆకుకూరలను పేరుపేరున గుర్తించి వెల్లడించినారు. చదువురాని స్త్రీలు చేసిన ఆ పనిని వృక్షశాస్త్ర విద్యార్థులు మన మండలములో చేయలేకపోవుటకు నాకు కారణము తోచదు.

తిరుమలగిరి 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్నది. జిల్లా మారినను నల్లగొండ నీటి కథ ఈ ప్రాంతపు జ్ఞాపకములోనిదే. భూగర్భ జలములోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు వ్యాధిని గురించి, ముఖ్యముగా బాలురలో మోకాళ్లు లోపలికి వంగుటను గురించి, 1973లోనే లాన్సెట్ అను వైద్య పత్రికలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వ్రాసినారు. పటిక, సున్నముతో నీటిని శుద్ధిచేయు విధానమునకు నల్లగొండ పద్ధతి అన్న పేరే స్థిరపడినది. ఈ వ్యాధికి మందు మంచినీరే గాని కూరాకు కాదు. అయినను ఆహారములో కాల్షియము కొరవడిన చోట ఫ్లోరైడు చేయు హాని అధికమగునని వైద్యులు చెప్పుచున్నారు. మునగాకులోను, తోటకూరలోను 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. పాలకూరలో 100 మిల్లీగ్రాములు కూడా లేదు, ఉన్న కొంచెమును ఆక్సలేటు పట్టివేస్తుంది. దుకాణపు కట్టలలో మనము ముందుగా చేయి చాచునది పాలకూరకే! చింతపండును గురించి కూడ ఒక పరిశోధన ఉన్నది. రోజుకు 10 గ్రాముల చొప్పున 18 దినములు తిన్న బాలురలో మూత్రము ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా వెలికిపోయినదని హైదరాబాదులోని అదే సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించినారు.

రక్తహీనత మరొక సమస్య. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో సగమునకు పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూరలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. దానికి సి విటమిను తోడు కావలెను. ఆ విటమిను వేడికి నశించునది. అందుచేత వండిన తోటకూర ప్రక్కన నిమ్మరసము పిండిన పచ్చి పుదీనా చట్నీ ఒక చెంచా ఉండుట రుచికి మాత్రమే కాదు. భోజనమైన వెంటనే చాయ్ త్రాగువారు ఆ మేలును తిరిగి పోగొట్టుకొందురు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును కట్టివేస్తాయి. వసతి గృహములలో ఈ అలవాటు ఎంతగా నాటుకొన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

పచ్చిగా తినెడి ఆకు ఎక్కడ పెరిగినదో తెలిసి ఉండవలెను. హైదరాబాదు దిగువన మూసీ మురుగు నీటితో ఆకుకూరలు పండించుట ఎన్నో ఏండ్లుగా ఉన్నదే. వండిన కూరలో క్రిములు చచ్చును, చట్నీలో చావవు. పెరటి సాగునకు ఇదొక్కటే చాలిన కారణము. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల మడి ఒక కుటుంబమునకు సరిపోవును. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను. పుదీనాకు కాడ నాటిన చాలును. తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. షర్బత్తు కొరకు కొన్న సబ్జా గింజలనే మట్టిలో పలుచగా చల్లినచో వారము లోపల మొలకెత్తుతాయి. వెన్ను కట్టకముందే తలలు త్రుంచుచుండవలెను, పూత వచ్చినదా ఆకు చేదెక్కును. మన ఎర్ర చల్క నేలలు త్వరగా ఆరిపోవును గనుక ఎండాకాలములో మునగచెట్టు నీడ మేలు.

మన సబ్జా ఆకు ఇటలీ రకము కంటె ఘాటు. కాబట్టి సబ్జా ఆకు రెండు గుప్పిళ్లకు ఒక గుప్పెడు కొత్తిమీర కలుపవలెను. వేయించి పొట్టు తీసిన పల్లీలు మూడు చెంచాలు, వేయించిన నువ్వులు ఒక చెంచా, వెల్లుల్లి రెబ్బలు రెండు, పచ్చిమిరపకాయ ఒకటి, రాళ్ల ఉప్పు తగినంత, పల్లీ నూనె నాలుగు చెంచాలు. చీజ్ అక్కరలేదు, నువ్వుల కమ్మదనము ఆ లోటు తీర్చును. ఆకును కడిగి బట్టపై పూర్తిగా ఆరబెట్టవలెను, తడి ఉన్నచో నూనెతో కలియదు. ఉప్పు, వెల్లుల్లి, మిరపకాయ మొదట, తరువాత పల్లీలు, నువ్వులు, చివరకు ఆకు. మెత్తగా కాక కచ్చాపచ్చాగా ఉన్నప్పుడే ఆపి, నూనెను కొంచెము కొంచెముగా పోయుచు కలిపి, తినుటకు ముందు నిమ్మరసము పిండవలెను. ఇటలీ వారు దీనిని సేమియా వంటి పాస్తాతో కలుపుకొంటారు. వేడి జొన్నరొట్టె దీనికి అంతకంటె తగిన జోడు అని నా నమ్మకము.

నిలువ విషయములో ఒక జాగ్రత్త. పుంటికూర తొక్కు కొన్ని దినములు నిలుచుటకు నూనె ఒక్కటే కారణము కాదు, దాని పులుపు. పులుపు లేని పచ్చి ఆకును, వెల్లుల్లిని నూనెలో ముంచి గది వేడిలో ఉంచినచో, గాలి తగలని ఆ చోట బొటులిజమ్ అను వ్యాధిని కలిగించు ప్రాణాంతకమైన విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరుగవచ్చును. దానికి వాసన గాని, రంగు గాని ఉండకపోవచ్చును. కనుక సబ్జా తొక్కును ఆ పూటకు ఆ పూట నూరుకొనవలెను, మిగిలినచో శీతల యంత్రములో ఉంచి రెండు మూడు దినములలో ముగించవలెను.