డాలస్ మావ్స్ వేసవి వాదనలు: అపోహలు – వాస్తవాలు

జూన్ 30న డాలస్‌లో సాయంత్రం ఐదు కాగానే ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ మొదలవుతుంది. హైదరాబాద్‌లో అప్పటికి జూలై 1 తెల్లవారుజాము మూడున్నర. ఒప్పందం గడువు తీరిన ఆటగాళ్లు ఆ క్షణం నుంచి ఏ జట్టుతోనైనా బేరం మాట్లాడుకోవచ్చు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో డాలస్ మావరిక్స్ (మావ్స్) జెర్సీ వేసుకుని పెరిగిన పిల్లలున్నారు. ఆ పిల్లల వల్ల బాస్కెట్‌బాల్‌కు అలవాటుపడ్డ నాన్నలు, బాబాయిలూ ఉన్నారు. వేసవిలో వీళ్లు నలుగురు కలిస్తే ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు, మేనేజ్‌మెంట్‌కు అసలు బుద్ధుందా అన్న వాదనే.

అభిమానుల కోపంలో న్యాయం ఉంది. 2011లో ఛాంపియన్ అయిన ఈ జట్టు మళ్లీ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలవడానికి 2022 దాకా పట్టింది. 2025లో తన స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌నే పంపేసింది. అయితే ఆ కోపం చాలాసార్లు జూలై మొదటి వారం మీద పడుతుంది. మావ్స్ చరిత్రలో పెద్ద తప్పులు చాలావరకు అంతకు ఎంతో ముందే, ఎవరి దృష్టీ లేని రోజుల్లోనే జరిగిపోయాయి.

అపోహ: 2022లో జేలెన్ బ్రన్సన్ నిక్స్‌కు పోతే పోయాడు, అతనికిచ్చే డబ్బుతో ఇంకొకరిని తెచ్చుకునేవాళ్లే కదా.

ఐపీఎల్ వేలం లెక్కను ఇక్కడికి తెచ్చుకోవడం వల్ల కలిగే పొరపాటిది. 2025 సీజన్ వేలానికి ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చారు. ఒకరిని వదులుకుంటే ఆ మొత్తం పర్సులో మిగులుతుంది, దాంతో ఇంకొకరిని కొనొచ్చు. సొంత ఆటగాడైనా సరే, పర్సు దాటడానికి వీల్లేదు. ఎన్‌బీఏ శాలరీ క్యాప్ ఈ రెండు విషయాల్లోనూ వేరు. క్యాప్ దాటిన జట్టు బయటివాడిని తెచ్చుకోవాలంటే చిన్న చిన్న మినహాయింపులే దిక్కు. తన దగ్గరే మూడు సీజన్లు ఆడినవాడికైతే క్యాప్ దాటి మరీ జీతం ఇవ్వొచ్చు. లారీ బర్డ్ అనే ఆటగాడి పేరుతో ఈ వెసులుబాటును బర్డ్ హక్కులంటారు.

జేలెన్ బ్రన్సన్ 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) 33వ స్థానంలో, అంటే రెండో రౌండ్‌లో వచ్చాడు. నాలుగేళ్లకు కలిపి అతని ఒప్పందం 61 లక్షల డాలర్లకు అటూ ఇటూ. 2022 ప్లేఆఫ్స్‌లో యూటాతో తొలి మూడు మ్యాచ్‌లకు లూకా గాయంతో దూరమైతే, రెండో మ్యాచ్‌లో బ్రన్సన్ 41 పాయింట్లు సాధించి జట్టును నిలబెట్టాడు. ఆ ఏడాది మావ్స్ వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ దాకా వెళ్లింది. వేసవి రాగానే న్యూయార్క్ నిక్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లిచ్చి అతన్ని తీసుకుపోయింది.

అప్పుడు లీగ్ క్యాప్ 12.37 కోట్ల డాలర్లు. బ్రన్సన్ జీతం తీసేసినా మావ్స్ ఆ గీతకు పైనే ఉంది. బర్డ్ హక్కుల వల్ల బ్రన్సన్‌కు ఏడాదికి రెండున్నర కోట్లు ఇవ్వగలదు, అదే రెండున్నర కోట్లు ఇంకెవరికీ ఇచ్చే వీల్లేదు. అతను నిక్స్‌తో సంతకం చేయగానే ఆ హక్కు పోయింది. దాని స్థానంలో మావ్స్‌కు ఏమీ రాలేదు: ఆటగాడూ లేడు, డ్రాఫ్ట్ అవకాశమూ లేదు, ఖాళీ అయిన జీతమూ లేదు.

అయితే ఇది జూలైలో జరిగిన తప్పు కాదు. 2021 వేసవి నుంచే అతనికి నాలుగేళ్లకు 5.55 కోట్ల డాలర్ల వరకు పొడిగింపు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకున్నాయి. ఎవరు ఎప్పుడు ఏం అడిగారన్న దాని మీద జట్టు చెప్పేది ఒకటి, ఆటగాడి కుటుంబం చెప్పేది ఇంకొకటి. సంతకం మాత్రం జరగలేదు. ఏడాది పొడవునా ఆ తలుపు తెరిచే ఉంది. ఫ్రీ ఏజెన్సీ తెరుచుకునే వేళకు అతని ధర దాదాపు రెట్టింపైంది. మావ్స్ మేనేజ్‌మెంట్‌ను నిలదీయాల్సిన నిర్ణయం ఒక్కటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

అపోహ: నిక్స్ నిబంధనలు మీరింది కాబట్టే బ్రన్సన్ పోయాడు.

నిక్స్ తప్పు చేసిన మాట నిజం. గడువుకు ముందే మాటలు జరిపినందుకు ఎన్‌బీఏ 2022 డిసెంబర్‌లో ఆ జట్టు 2025 రెండో రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాన్ని రద్దు చేసింది. బ్రన్సన్ తండ్రి రిక్‌ను నిక్స్ అదే వేసవిలో అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది కూడా. కానీ పొడిగింపు మీద సంతకం పెట్టేసిన ఆటగాడితో గడువుకు ముందు మాట్లాడినా ఒరిగేదేమీ ఉండదు.

అపోహ: జీతాలు తగ్గించుకుని క్యాప్ ఖాళీ చేసుకుంటే పెద్ద స్టార్ వచ్చి తీరతాడు.

మావ్స్ అభిమానులకు అత్యంత ఖరీదుగా పడిన నమ్మకం ఇదే. పైగా ఇది అభిమానులది మాత్రమే కాదు, యాజమాన్యం కూడా చాలా ఏళ్లు ఇదే నమ్మింది.

2011 ఫైనల్స్‌లో మయామీ హీట్‌ను 4–2తో ఓడించిన జట్టుకు డిఫెన్స్‌లో వెన్నెముక టైసన్ చాండ్లర్. ఆ వేసవిలో అతని ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడాదికి క్యాప్ ఖాళీ ఉంచుకోవాలని మావ్స్ అతనికి దీర్ఘకాల ఒప్పందం ఇవ్వలేదు. అతను నిక్స్‌కు వెళ్లి అదే సీజన్‌లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. మావ్స్ కన్నంతా డెరాన్ విలియమ్స్ మీద. డాలస్ శివారులోని ది కాలనీలో పెరిగినవాడు, సొంతూరికి రాడా అనుకున్నారు. 2012 జూలైలో అతను నెట్స్‌లోనే ఉండిపోయాడు. 2012–13లో మావ్స్ 41 గెలిచి 41 ఓడింది, పన్నెండు సీజన్ల తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. 2013లో డ్వైట్ హోవర్డ్ కోసం ప్రయత్నిస్తే అతను టెక్సస్‌కే వచ్చాడు, కాకపోతే హ్యూస్టన్‌కు.

తర్వాత 2015. డిఆండ్రే జోర్డన్ డాలస్‌కు వస్తానని మాటిచ్చాడు. ఎన్‌బీఏలో జూలై మొదటి రోజుల్లో బేరాలు కుదరడమే తప్ప సంతకాలు ఉండవు. ఆ విరామంలో ఇచ్చిన మాటకు చట్టబద్ధత లేదు. సంతకాలకు తలుపు తెరుచుకోబోయే రాత్రి క్లిప్పర్స్ కోచ్, ఆటగాళ్లు హ్యూస్టన్‌లోని అతని ఇంటికి చేరారు. అర్ధరాత్రి దాటగానే అతను క్లిప్పర్స్‌తోనే సంతకం చేశాడు. చాండ్లర్ అంతకు ఏడాది ముందే ఓ ట్రేడ్‌లో డాలస్‌కు తిరిగి వచ్చి ఉన్నాడు. జోర్డన్ కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లోనే చాండ్లర్ ఫీనిక్స్‌కు వెళ్లిపోయాడు. రాని ఆటగాడి కోసం ఒకే ఆటగాడిని రెండుసార్లు పోగొట్టుకున్నారు.

ఐపీఎల్‌తో అసలు తేడా ఇక్కడుంది. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ 20.5 కోట్ల రూపాయలకు పాట్ కమిన్స్‌ను తీసుకున్నప్పుడు, ఏ జట్టుకు ఆడాలన్నది తేల్చింది పాట పాడినవాళ్లే. ఫ్రీ ఏజెన్సీలో తేల్చేది ఆటగాడు. అందులోనూ పాత జట్టు ఐదేళ్లు ఇవ్వగలదు, కొత్త జట్టు నాలుగేళ్లే ఇవ్వగలదు. క్యాప్ ఖాళీ ఉంటే బేరానికి కూర్చునే వీలుంటుంది, అంతవరకే.

అపోహ: ఫైనల్స్ ఆడిన డెరిక్ జోన్స్‌ను చిల్లర డబ్బులకు చూసుకుని వదిలేశారు.

2023లో జోన్స్ కనీస జీతానికి ఒక్క ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. ఒక్క ఏడాదే ఆడినవాడికి పూర్తి బర్డ్ హక్కులుండవు, పాత జీతం మీద 20 శాతానికి మించి పెంచలేరు. అంతకు మించి ఇవ్వాలంటే, క్యాప్ దాటిన జట్లకు ఉండే మినహాయింపుల్లో ఒకటైన మిడ్ లెవెల్‌ను వాడాలి. మావ్స్ దాన్ని నాజీ మార్షల్‌కు మూడేళ్లకు 2.7 కోట్ల డాలర్లుగా ఇచ్చింది. జోన్స్ మూడేళ్లకు 3 కోట్లకు క్లిప్పర్స్‌కు వెళ్లాడు. ఇద్దరిలో ఎవరు మేలన్న దాని మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. జట్టు చేతులు కట్టేసింది మాత్రం 2023లో రాసుకున్న ఆ ఒక్క ఏడాది కాగితం.

అపోహ: ఓనర్లకు వందల కోట్ల డాలర్లున్నాయి, ఖర్చు పెట్టే మనసే లేదు.

ఒకప్పుడు ఈ మాటలో పస ఉండేది. 2023లో లీగ్, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న కొత్త ఒప్పందం ఆ లెక్క మార్చేసింది. 2025–26కు క్యాప్ 15.46 కోట్ల డాలర్లు, లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు, దాని మీద ఫస్ట్ ఏప్రన్, ఇంకా పైన 20.78 కోట్ల దగ్గర సెకండ్ ఏప్రన్. ట్యాక్స్ గీత దాటితే జరిమానా కడితే సరిపోతుంది. సెకండ్ ఏప్రన్ దాటితే డబ్బుతో తీరని శిక్షలు మొదలవుతాయి. ట్రేడ్‌లో ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోలేరు, మిడ్ లెవెల్ ఉండదు, ఏడేళ్ల తర్వాతి డ్రాఫ్ట్ అవకాశం ట్రేడ్‌కు పనికిరాకుండా స్తంభించిపోతుంది.

2025 వేసవిలో మావ్స్ నడిచింది ఈ గీత అంచునే. మోకాలి గాయంతో ఉన్న కైరీ అర్వింగ్, చేతిలో ఉన్న 4.3 కోట్ల డాలర్ల సంవత్సరాన్ని వదులుకుని, మొదటి ఏడాది జీతం తగ్గేలా మూడేళ్లకు 11.9 కోట్లకు ఒప్పుకున్నాడు. అలా దొరికిన వెసులుబాటుతోనే డి'ఆంజెలో రసెల్ వచ్చాడు. డాంటే ఎక్సమ్‌ను తిరిగి తీసుకోవడానికి, రెండేళ్ల కింద మొదటి రౌండ్‌లో వచ్చిన ఒలివియే ప్రాస్పర్‌ను వదులుకోవాల్సి వచ్చింది. ఓనర్ల జేబులో ఇంకో వంద కోట్లున్నా ప్రాస్పర్ విషయంలో మారేది లేదు.

అపోహ: టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆటగాళ్లు పరుగెత్తుకొస్తారు.

పన్ను లేని మాట నిజమే. అయితే సీజన్‌లోని 82 మ్యాచ్‌లలో సగం బయటి ఊళ్లలో ఆడాలి, కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు అక్కడ ఆడిన రోజులకు వాటా వసూలు చేసుకుంటాయి. ఫెడరల్ పన్ను అందరికీ ఒకటే. విలియమ్స్, జోర్డన్‌ల నిర్ణయాలు ఎలాగూ చూశాం.

అపోహ: ఈ కాలం ఆటగాళ్లకు విశ్వాసం లేదు, డర్క్ లాంటివాళ్లు ఇక రారు.

డర్క్ నోవిట్‌స్కీ 21 సీజన్లు ఒక్క డాలస్‌కే ఆడాడు. 2014లో అంతకు ఎన్నో రెట్లు ఇస్తామన్న జట్లను కాదని మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. ఆ త్యాగం గొప్పదే. అలా మిగిలిన చోటును జట్టు ఏం చేసిందన్నది కూడా చెప్పుకోవాలి: చాండ్లర్ పార్సన్స్‌కు మూడేళ్లకు 4.6 కోట్లిచ్చింది, అతను మోకాలి బాధలతో రెండేళ్లు ఆడి మెంఫిస్‌కు వెళ్లిపోయాడు. ఆటగాడు జీతం తగ్గించుకుంటే జట్టు తనంతట తాను బాగుపడదు.

లూకా సంగతికి వస్తే, అతను వెళ్తానని అడగలేదు. 2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి వేళ అతన్ని లేకర్స్‌కు ట్రేడ్ చేశారు. ఆంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశం ఒక్కటి, ఇదీ డాలస్‌కు వచ్చింది. డాలస్‌లోనే ఉండి ఉంటే ఆ వేసవిలో లూకా ఐదేళ్లకు 34.5 కోట్ల డాలర్ల దాకా సూపర్‌మ్యాక్స్ ఒప్పందానికి అర్హుడయ్యేవాడు. ట్రేడ్‌తో ఆ అర్హత పోయింది. లేకర్స్‌తో మూడేళ్లకు 16.5 కోట్లకు పొడిగించుకున్నాడు. ఇరవై ఐదేళ్లకే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లిన మనిషి, డాలస్‌లోనే స్థిరపడదామనుకున్న మనిషి. విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు ఆ ప్రశ్న మొదట జట్టుకే వేయాలి.

ఆ ట్రేడ్‌కు నింద అంతా జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఒక్కడి మీదే వేయడం కూడా సరికాదు. ఆలోచన అతనిదే, ఒప్పుకున్నది మాత్రం 2023 చివర్లో మార్క్ క్యూబన్ నుంచి మెజారిటీ వాటా కొన్న అడెల్సన్, డ్యూమాంట్ కుటుంబాలు. 2025 నవంబర్ 11న, జట్టు మూడు గెలిచి ఎనిమిది ఓడిన స్థితిలో, హారిసన్‌ను తొలగించారు. అనుమతించినవాళ్లు ఇప్పటికీ ఓనర్లే.

అపోహ: కూపర్ ఫ్లాగ్ వచ్చాడు కదా, చివరికి ట్రేడే మంచిదైంది.

2025 డ్రాఫ్ట్ లాటరీలో మొదటి స్థానం దక్కడానికి మావ్స్‌కున్న అవకాశం 1.8 శాతం. తగిలింది, ఫ్లాగ్ వచ్చాడు. ఇలాంటి అదృష్టాన్ని ఎవరూ ప్రణాళికలో రాసుకోరు. నిర్ణయాన్ని తూచాల్సింది అది తీసుకున్న రోజు చేతిలో ఉన్న సమాచారంతో. ఆ రోజు ఫ్లాగ్ మావ్స్ లెక్కలోనే లేడు.

ఇప్పుడున్న ఇబ్బంది వేరు. 2027 నుంచి 2030 దాకా తన సొంత మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాల మీద డాలస్‌కు పూర్తి పట్టు లేదు. వెనకటి ట్రేడ్‌లలో కొన్ని ఇచ్చేసింది, కొన్నింటి మీద మార్పిడి హక్కు వేరే జట్లకిచ్చింది. కాబట్టి ఓడి, మంచి కుర్రాళ్లను ఏరుకునే దారి ఆ నాలుగేళ్లూ మూసుకుపోయినట్టే. ఫ్లాగ్ చుట్టూ జట్టు కట్టాలంటే ఉన్నవాళ్లలో ఎవరి ఒప్పందాలను ముందుగా, చవగ్గా ఉన్నప్పుడే పొడిగించాలో తేల్చుకోవాలి. ఫ్లాగ్ సొంత పొడిగింపుకు తలుపు తెరుచుకునేది 2028 వేసవిలో. ఆలోపు జీతాల జాబితా సెకండ్ ఏప్రన్‌కు ఎంత దూరంలో ఉంటుందన్నది, ఈ రెండు మూడేళ్ల ఫిబ్రవరిల్లో, అక్టోబర్‌లలో రాసుకునే చిన్న ఒప్పందాలే తేలుస్తాయి.