మాట మానేయడమూ దెబ్బే!

చెయ్యి ఎత్తరు. కేకలు వేయరు. ఎదురుపడితే మొహం తిప్పుకుని వెళ్లిపోతారు. ఆ దెబ్బ తిన్నవారికి మాత్రం రాత్రి నిద్ర పట్టదు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

కొత్తగా పెళ్లయిన దంపతుల మధ్య, పెళ్లి కుదిరిన జంటల మధ్య, ప్రాణ స్నేహితుల మధ్య ఈ పోరు నడుస్తుంటుంది. "నా మాట వినకపోతే నీతో మాట్లాడను" అని బెదిరించడం, పది రోజులు పలకరించకపోవడం, నమ్మి చెప్పుకున్న రహస్యాన్ని నలుగురిలో పెట్టడం, మిగతావారు కూడా ఆ మనిషితో మాట్లాడకుండా పుల్లలు వేయడం దీని పద్ధతులు. ఇప్పుడు సెల్‌ఫోన్ తోడైంది. కబురు చూసి కూడా బదులివ్వకపోవడం, వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడం ఆ కోవలోవే.

అలక వేరు, సాధింపు వేరు

అలక ఏ ఇంట్లోనైనా ఉండేదే. పూట గడిస్తే పోతుంది. కోపం చల్లారేవరకు కాసేపు ఎడంగా ఉండటం తప్పు కాదు. అవతలివారిని లొంగదీయాలని రోజుల తరబడి మౌనం పాటిస్తే అది సాధింపు. ఒంటిమీద గాయం కనిపించదు కనుక పెద్దల దగ్గర చెప్పుకున్నా "కొట్టాడా? తిట్టాడా?" అని తీసిపారేస్తారు. బాధ లోపలే ఉండిపోతుంది.

అమెరికాలో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ అనే మానసిక శాస్త్రవేత్తలు 3 నుంచి 6 తరగతుల పిల్లలు 491 మందిని పరిశీలించి 1995లో ఫలితాలు ప్రకటించారు. ఇలా సాధించే పిల్లలకు తోటివారు దూరమవుతున్నారని, వారిలో ఒంటరితనం, దిగులు ఎక్కువని తేలింది. తర్వాత యువతీయువకుల ప్రేమ బంధాలపైనా పరిశోధనలు జరిగాయి. సాధింపు, దిగులు ఒకదాన్నొకటి పెంచుకోగలవు. కుంగిపోయిన మనిషి చిన్న మాటకే నొచ్చుకుంటాడు. "నన్ను వదిలేస్తావా?" అని పదేపదే అడుగుతాడు. అవతలివారు విసిగి మరింత దూరం జరుగుతారు.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

దాదాపు రోజంతా దిగులు, లేదా ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలపాటు సాగితే, దానికి తోడు నిద్ర, ఆకలి మారితే, నీరసం ఆవరించి తానెందుకూ పనికిరానన్న భావం కలిగితే డాక్టరును కలవాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు మాట నోట వస్తే బెదిరింపని కొట్టిపారేయకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచరాదు.

కోపం వచ్చినవారు "ఇప్పుడు మనసు బాగాలేదు, సాయంత్రం మాట్లాడుకుందాం" అని చెబితే చాలు. చెప్పినట్టే సాయంత్రం కూర్చుని మాట్లాడాలి. నొచ్చుకున్నవారు "నువ్వు పలకకపోతే నాకు బాధగా ఉంది" అని విడమరచి చెప్పాలి. పెద్దలు ఇద్దరి మధ్య మాటలు మోయకుండా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. అయితే కొట్టడం, భయపెట్టడం ఉన్నచోట ముందు రక్షణ చూడాలి, సర్దుబాటు సంగతి తర్వాత.

మనోవ్యాధికి మందు లేదన్నది పాత సామెత. ఈనాడు మందు ఉంది. దానికంటే ముందు ఇంట్లో ఎవరో ఒకరు "ఏమైందమ్మా, అన్నం తిన్నావా?" అని అడగాలి.