వేడెక్కిన ఇంజను

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా మన నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటాయి. ఎండాకాలం వాటి బానెట్ నుండి ఆవిరి లేస్తే ముందు బండి పక్కకు తీసి ఇంజను ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాకే తీయాలి.

నీళ్లు తగ్గితే రబ్బరు పైపులు, వాటర్ పంపు దగ్గర కారుతున్నాయేమో చూడాలి. నిండుగా ఉంటే అంబాసిడర్‌లో ఫ్యాన్ బెల్టు, మారుతిలో ఫ్యాన్ మోటారు, ఆపైన థర్మోస్టాట్ చూడాలి. ఇంజనాయిల్ పాల చాయ్ రంగులోకి మారితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇక నడపరాదు.

మనం మరిచిపోయేది బోరునీళ్లను. హాస్టల్లో నీళ్లు కాచే డేగిసా అడుగున చూసిన తెల్లటి పొరే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది, వేడిని బయటకు పోనివ్వదు. రేడియేటర్ కడిగించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయించాలి. స్టీరింగ్ పట్టి బతుకుతున్న మన అన్నలు, తమ్ముళ్లు ఈ చిన్న ఖర్చుకు వెనుకాడితే రేపు ఇంజనే విప్పాల్సి వస్తుంది.