పత్తర్‌గట్టి కమానులు, 20 కిలోబైట్ల తెర

1984-85లో మన దేశంలో ఎంపిక చేసిన బడులకు ‘క్లాస్’ పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి. అవి బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన బీబీసీ మైక్రోలు. మెమరీ 32 కిలోబైట్లు. 6502 ప్రాసెసర్‌కు సెకనుకు 20 లక్షల క్లాక్ టిక్కులు. ఆ కాలపు ప్రోగ్రామర్లు అంత చిన్న యంత్రం మీద బొమ్మల్ని పరుగెత్తించిన తీరు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

చార్మినార్ దగ్గర మొదలై గుల్జార్ హౌజ్ మీదుగా పత్తర్‌గట్టి దాకా వీధి పొడవునా తెర జరుగుతూ పోవాలనుకుందాం. పదహారు రంగులు చూపే పద్ధతిలో తెరకు అడ్డంగా 160, నిలువుగా 256 చుక్కలు. బైటుకు రెండు చుక్కల చొప్పున మొత్తం 20,480 బైట్లు. వీధి కాస్త జరగాలంటే వీటన్నిటినీ పక్కకు మోయాలి. మామూలు లూప్‌లో బైటుకు 14 టిక్కులు పడతాయి, అంటే 143 మిల్లీసెకన్లు. తెర మాత్రం 20 మిల్లీసెకన్లకోసారి కొత్తగా గీసుకుంటుంది. ఒక్క అడుగుకు ఏడు తెరలు గడిచిపోతే అది నడకలా ఉండదు. లూప్‌ను విప్పి, అవే ఆదేశాలను వరుసగా రాసుకుంటూ పోతే బైటుకు 9 టిక్కులకు దిగుతుంది. అదీ చాలదు.

అసలు ఆ బరువు మోయనక్కర్లేదని గుర్తించడంలోనే తెలివంతా ఉంది. తెరను నడిపే 6845 చిప్‌లో, బొమ్మ మెమరీలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే రిజిస్టర్లు రెండున్నాయి. వాటిలో అంకె మారిస్తే మొత్తం వీధి రెండు చుక్కలు జరిగిపోతుంది. అంచున కొత్తగా కనిపించే సన్నని నిలువు పట్టీని గీస్తే సరి. అది 256 బైట్లే!

ఆ పట్టీ ఎక్కణ్ణుంచి వస్తుంది? తెరకు 20 కిలోబైట్లు, సిస్టమ్ వాటా పోగా ప్రోగ్రాముకు మిగిలేది తొమ్మిది కిలోబైట్ల లోపే. వీధంతా దాచడానికి చోటు లేదు. పత్తర్‌గట్టి దుకాణాల ముందు రాతి కమానులు ఒకే తీరున బారులు తీరి ఉంటాయి కనుక ఒక కమానును దాచి, దాన్నే మళ్లీ మళ్లీ గీయవచ్చు. అందులోనూ ఎడమ సగం ఉంటే చాలు. కుడి సగం కోసం ప్రతి బైటులోని రెండు చుక్కల్నీ తారుమారు చేయాలి, 256 బైట్ల పట్టిక ఆ పని చూసుకుంటుంది. ఇక పట్టీని మెమరీలో సరైన చోట పెట్టడంలో ఒక చిక్కుంది: 6502కు గుణకారం రాదు. తెర మీది ఒక్కో అక్షర వరుసకు 640 బైట్లు కాబట్టి ఆ చోటు చిరునామా కట్టాలంటే 640తో గుణించాలి. ఏకార్న్ వాళ్లు ఆ ఎక్కాన్ని రామ్‌లో కాక, యంత్రంతో వచ్చే శాశ్వత మెమరీలోనే రాసిపెట్టారు.

ఇక వీధిలో తోపుడు బండి. 1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రాబెన్ రాసిన ‘ఎలీట్’ ఆటలో గీతను ఎక్స్‌క్లూజివ్-ఆర్ పద్ధతిలో గీస్తారు. అదే గీత రెండోసారి గీస్తే చెరిగిపోతుంది. నల్లటి అంతరిక్షానికి అది చక్కగా నప్పింది. రంగుల వీధిలో మాత్రం బండి రంగు గోడ రంగుతో కలిసి మారిపోతుంది. అందుకే బండి కింద పడే బైట్లను ముందే పక్కన దాచి, బండి కదలగానే తిరిగి అతికించాలి. 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తున్న బండికి అవి 128 బైట్లు. పాతది చెరిపి, కొత్త చోట దాచి, గీసి, అంచు పట్టీ కూడా కలుపుకున్నా ఒక తెరకు దొరికే 40,000 టిక్కుల్లో సగం కూడా ఖర్చు కావు.