మీకు తెలుసా? కైలాసం చుట్టూ ఎదురు నడక

కైలాస పర్వతం చుట్టూ భక్తులందరూ ఒకే వైపు తిరగరు. హిందువులు, బౌద్ధులు కొండను కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణ చేస్తే, టిబెట్‌లోని ప్రాచీన బోన్ మతస్థులు ఎడమచేతి వైపు ఉంచుకుని నడుస్తారు. సుమారు 52 కిలోమీటర్ల ఆ దారిలో ఇరువర్గాలవారూ ఎదురుపడుతుంటారు.

మన యాత్రికులకు సాధారణంగా 3 రోజులు పట్టే ఈ చుట్టును చాలామంది టిబెటన్లు ఒక్క రోజులోనే ముగిస్తారు. కొందరు మాత్రం అడుగడుగునా సాష్టాంగపడుతూ వారాల తరబడి సాగుతారు. గాలి పలచబడిన ఆ ఎత్తులో అంతటి ఓర్పుకు చేతులెత్తి మొక్కాల్సిందే! ఎటు తిరిగినా 5,600 మీటర్లు దాటిన డోల్మా లా కనుమ ఎక్కి దిగాలి.

కొండకు దక్షిణాన ఉన్న మానస సరోవరం మంచినీటి సరస్సు. పక్కనే ఉన్న రాక్షస తాల్ నీరు ఉప్పన.