బిట్టు పేపర్లో కవి... వేదికపై కవి!

‘గోలకొండ కవుల సంచిక ఎప్పుడొచ్చింది?’
‘1934.’
‘అందులో ఎందరు కవులు?’
‘354.’

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ఇలాంటి అప్పజెప్పులు వినిపిస్తే వింతేమీ లేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల నుంచి వచ్చే కుర్రకారుకు అదే రెండో ఇల్లు. టిఫిన్ బాక్సుతో పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటే మళ్లీ గదికి చేరేది రాత్రికే. తెలంగాణ గ్రూప్స్ సిలబస్‌లో సాహిత్యం కూడా ఉంది మరి! తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి పట్టుబట్టి కవితలు తెప్పించి అచ్చేసిన సంచిక అది. వీళ్లకు మాత్రం ఒక్క మార్కు ప్రశ్న. నారాయణగూడలోని బాలికల బడికి 1928లో ప్రాణం పోసిన మాడపాటి హనుమంతరావు సంగతీ అంతే. ఆయన కథలు కూడా రాశారన్నది బిట్టుగా వస్తేనే గుర్తుంటుంది.

ఆ దగ్గర్లోనే త్యాగరాయ గానసభ. సాయంత్రమైతే ఏ పుస్తకావిష్కరణో, కవి సమ్మేళనమో. పెద్ద హాలు కాకపోతే కళా సుబ్బారావు కళావేదిక. కార్డులో ఆరింటికని వేస్తే మొదలయ్యేది ఏడింటికి. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి... అందరికీ తలా ఒక శాలువా. తీరా పుస్తకం రాసినాయన మైకు ముందుకొచ్చేసరికి ‘రెండు నిమిషాల్లో ముగించండి’ అంటూ చీటీ! ముందు వరుసల్లో నెరిసిన తలలు. వెనక కుర్చీలు ఖాళీ.

యూనివర్సిటీ ఇంగ్లిషు శాఖల్లో ఈ తంతు కాస్త తక్కువే. రచయిత వస్తాడు, తన పుస్తకంలోంచి నాలుగు పేజీలు చదువుతాడు, విద్యార్థులు ప్రశ్నలు వేస్తారు. ఉస్మానియాలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన శివ్ కె. కుమార్ స్వయంగా కవి. 1987లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. పాఠం చెప్పే మాస్టారే కవి అయితే, కవిని చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు.

అలాగని చిక్కడపల్లి కుర్రాళ్లది తప్పనలేం. ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్, దాటిపోతున్న వయసు, ఊరి నుంచి నాన్న పంపే డబ్బు... వీటి మధ్య రెండు గంటల ఉపన్యాసాలు ఎవరు వింటారు? అదే, కవి ముందుగా ఓ పావుగంట చదివేసి, శాలువాలు ఆ తర్వాత కప్పుకుంటే? టీ తాగడానికి ఎలాగూ బయటికొస్తారు పిల్లలు. ఓ పూట అటు నుంచి అటే గానసభ మెట్లెక్కవచ్చు. పుస్తకావిష్కరణకు టికెట్ కూడా ఉండదాయె!