సీబీపీ కాగితానికి పేస్‌మేకర్ సంగతి తెలుసా?

ఈ ఆదివారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ అడిగిన ప్రశ్న ఇది: గుండె వాల్వ్ మార్చాక ఎవరికి పేస్‌మేకర్ అవసరమవుతుందో రక్తపరీక్ష ముందే చెబుతుందా? గడువు శుక్రవారం. ఎన్ని పరిశోధన పత్రాలు ముందేసుకున్నా, నన్ను పట్టి ఉంచింది మాత్రం మనందరి ఇళ్లల్లో ఏదో ఒక ఫైల్లో ఉండే సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) రిపోర్టే.

అందులో తెల్లకణాల వాటాలు చూడండి. న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్స్ 30 ఉంటే నిష్పత్తి 2. అవే 80, 10 అయితే 8. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రగులుతున్నప్పుడు మొదటివి పెరుగుతాయి, రెండోవి తగ్గుతాయి. ఈ లెక్కకు కొత్త పరీక్ష అక్కర్లేదు, అదనపు రూపాయి అక్కర్లేదు. అందుకే నాకు దానిమీద మమకారం.

గుండెకు దీనితో పనేమిటంటే, కొట్టుకోమనే విద్యుత్ సంకేతం పై గదుల నుంచి కింది గదులకు దిగే తీగ అయోర్టిక్ వాల్వ్‌ను ఆనుకునే వెళుతుంది. కొత్త వాల్వ్ అక్కడ ఒత్తినా, చుట్టూ కండ వాచినా సంకేతం ఆగిపోవచ్చు. వాపు తగ్గితే కొందరిలో దారి మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే వెంటనే పేస్‌మేకర్ పెట్టేయరు. తాత్కాలిక వైరుతో గుండెను నడిపిస్తూ చూస్తారు. 2021 ఐరోపా మార్గదర్శకాల ప్రకారం ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత కనీసం 5 రోజులు, కాలి రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే టావీ తర్వాత 24 నుంచి 48 గంటలు ఆగాలి.

నిష్పత్తి ఎక్కువున్నవారికే పేస్‌మేకర్ ఎక్కువగా అవసరమైందని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. నాకు నమ్మకం కుదరలేదు. వాటిలో చాలావరకు ఆసుపత్రి పాత రికార్డులు తిరగేసి తేల్చినవి. జ్వరమొచ్చినా, స్టెరాయిడ్ వాడినా ఆ అంకె పెరుగుతుంది. ఆపరేషన్ మర్నాడు దాదాపు అందరికీ పెరుగుతుంది. రక్తం ఎప్పుడు తీశారో తెలియకుండా అంకెను పట్టుకుని ఏం తేలుస్తాం? ఈసీజీలో ముందునుంచీ ఉన్న రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే ఆ తీగ కుడి కొమ్మలో అడ్డంకి, ఈ నిష్పత్తికంటే ఎంతో గట్టి హెచ్చరిక.

చరిత్ర క్లుప్తంగా: గుండెలోని ఆ తీగల కూడలిని 1906లో జపాన్ వైద్యుడు సునావో తవారా వర్ణించారు. 1958లో స్టాక్‌హోంలో ఆర్నే లార్సన్‌కు తొలిసారి ఒంట్లో పేస్‌మేకర్ అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది, ఆయన మాత్రం 2001 దాకా బతికారు. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే తొలి టావీ చేశారు.

బాక్స్: ఇవీ తెలుసుకోండి

టావీ వాల్వ్ రకాన్ని బట్టి కూడా అవసరం మారుతుంది. ముప్పు తక్కువున్న రోగులపై జరిగిన రెండు పెద్ద ప్రయోగాల్లో 30 రోజుల్లోపు పేస్‌మేకర్ పడినవారు, బెలూన్‌తో విచ్చుకునే రకంలో 6.5 శాతం, తనంతట విచ్చుకునే రకంలో 17.4 శాతం. మీకు ఏ రకం పెడుతున్నారో, ఎందుకో డాక్టర్‌ను ముందే అడగండి.

కొందరిలో సంకేతం ఆగిపోయే ఈ బ్లాక్ ఇంటికొచ్చాక బయటపడుతుంది. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా అప్పాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.